మా నాన్నగారి అంబాసిడరు, మా తమ్ముడి చక్రాలు

వార్షిక సంచికకు ఒక వ్యాసం యివ్వవలసిందిగా సంపాదకవర్గంలోని విద్యార్థులు నన్ను అడిగినప్పుడు, తెలుగు ఉపన్యాసకుణ్ణి కాబట్టి ప్రబంధాల గురించో ఛందస్సు గురించో రాస్తానని వారు అనుకొని వుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని కాగితం ముందు పెట్టుకొని కూర్చున్న తరువాత, గత వేసవి సెలవులలో మూడు వారాల పాటు నా చేతులను వదలని గ్రీజు మరకలే మాటిమాటికీ గుర్తుకు వచ్చాయి. ఎం.ఏ. చదివిన రెండేళ్లలో విశ్వవిద్యాలయం నాకు నేర్పినదానిని నేను తక్కువచేసి చెప్పను. అయితే ఒక వస్తువు మరొక వస్తువుతో ఎందుకు పొసగదో, పొసగనప్పుడు వాటిలో ఏది తగ్గాలో, ఎంత మాత్రమే తగ్గాలో నేను నేర్చుకున్నది ఒక పాతకారు కింద వెల్లకిల పడుకొని. ఆ సంగతే యిక్కడ చెబుతున్నాను. కార్ల మీద ఆసక్తి లేనివారు కూడా ఓపికతో చదువుతారని నా ఆశ.

మా నాన్నగారు నంద్యాలలో టాక్సీ నడిపి మమ్మల్ని చదివించారు. ఆయన కారు 1985లో తయారైన డీజిలు అంబాసిడరు. 1993లో దానిని మరొకరి దగ్గర కొని, 2016 వరకు, అంటే యిరవై మూడేళ్లు, దాని మీదనే బతుకు సాగించారు. మహానందికి, అహోబిలానికి వెళ్లే యాత్రికులు, కడప పెద్దదర్గా ఉరుసుకు వెళ్లేవారు, పెళ్లివారు, ఆసుపత్రికి పరుగెత్తే నిండుచూలాళ్లు అందరూ ఆ సీట్ల మీద కూర్చున్నవారే. ఆరోగ్యం అంతగా సహకరించక టాక్సీ మానుకున్న తరువాత కూడా ఆయన ఆ బండిని అమ్మలేదు. సొంతకారుగా మార్పించి యింటి ముందు వేపచెట్టు కింద వుంచుకున్నారు. రోజూ ఉదయం తుడవడం, వారానికి ఒకసారి బజారు దాకా నడిపి తేవడం ఆయన నియమం.

ఈనాటి విద్యార్థులలో చాలామంది అంబాసిడరును సినిమాలలో తప్ప చూసి వుండరు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాను తీసుకొని, 1950ల చివరిలో హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారంలో దీని తయారీ మొదలుపెట్టారు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. అర్ధశతాబ్దానికి పైగా మంత్రులకూ అదే కారు, మా నాన్నగారి వంటి టాక్సీవారికీ అదే కారు. గుండ్రని బుగ్గల వంటి మడ్‌గార్డులు, సోఫా వంటి సీట్లు, యినుములో ఏమాత్రం పిసినారితనం లేని శరీరం దాని లక్షణాలు. దాని చక్రాలకు వేసిన టైరు కొలత 5.90-15. అంటే వెడల్పు యించుమించు ఆరంగుళాలు, లోపలి రిమ్ము పదిహేను అంగుళాలు. ఈ కొలతను గుర్తుంచుకోవాలి. కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మా తమ్ముడు దమ్మాములో ఎలక్ట్రీషియనుగా పనిచేస్తున్నాడు. రెండేళ్లకు ఒకసారి వస్తాడు. పోయినసారి వచ్చినప్పుడు నాన్నగారి కారు టైర్లు బోడిపడి వుండటం చూసి, తిరిగి వెళ్లేలోగా ఎలాగైనా కొత్తవి వేయించాలని పట్టుబట్టాడు. పాత కొలత టైర్లు దొరకడం కష్టమైంది. హైదరాబాదులో ఒక దుకాణంవారు బోల్టు రంధ్రాలు సరిపోయే పదహారంగుళాల అల్లాయ్ చక్రాలు, వాటికి 215/65 ఆర్ 16 టైర్లు బిగించి యిచ్చారు. వెండిలా మెరిసే ఆ చక్రాలతో బండి వీధిలోకి వచ్చినప్పుడు పిల్లలంతా చుట్టూ మూగారు. నాన్నగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, తమ్ముడి భుజం మీద చేయి వేసి, “మాషా అల్లా, కొత్త పెళ్లికొడుకులా వుంది” అన్నారు. వాడి ముఖం వెలిగిపోయింది. మరి నాలుగు రోజులకు విమానం ఎక్కి వెళ్లిపోయాడు.

మొదటి చప్పుడు వాడు వెళ్లిన వారానికే వినిపించింది. వీధి మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పేసరికి ముందు చక్రం దగ్గర ‘గర్ర్’మని గీరుకున్నది. దుకాణానికి ఫోను చేస్తే, చక్రం లోపలివైపు తగులుతున్నదేమో, మధ్యలో స్పేసరు వేయించుకోండి అని సెలవిచ్చారు. స్పేసరు అంటే చక్రానికీ అది కూర్చునే హబ్బుకూ నడుమ వేసే లోహపు బిళ్ల. అది చక్రాన్ని బయటికి నెడుతుంది. వేయించాము. లోపలి చప్పుడు పోయింది. రెండు రోజులకు బయటి చప్పుడు మొదలైంది. చీర కొంగు యిటు లాగితే అటు కురచ అయిన చందంగా వుంది మా పరిస్థితి.

అదే రోజులలో మరొక సంగతి జరిగింది. దానిని అప్పుడు నేను పట్టించుకోలేదు. నాన్నగారు బండి తాళాలు నా చేతిలో పెట్టి, “కళ్లు సరిగా ఆనడం లేదు. ఇకమీద నువ్వే నడుపు” అన్నారు. వయసు వచ్చింది కదా అనుకొని తీసుకున్నాను.

మే నెలలో ఒకనాడు అమ్మను, నాన్నగారిని, మా అక్క కొడుకును తీసుకొని గిద్దలూరులోని మా పిన్నిగారింటికి బయలుదేరాను. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే దారి నల్లమల ఘాటు గుండా సాగుతుంది. ఒక మలుపులో స్టీరింగు బాగా తిప్పి వున్న సమయాన, ఎడమవైపు ముందు చక్రం రోడ్డు అంచున గుంటలో పడి పైకి లేచింది. రంపంతో కోసినట్లు చప్పుడు వచ్చింది. కాలిన రబ్బరు వాసనతో పాటు స్టీరింగు ఎడమకు లాగివేయసాగింది. ఎలా ఆపానో నాకు తెలియదు. బండి ఆగినచోటికి పిట్టగోడ రెండు బారల దూరంలో వుంది. దిగి చూస్తే మడ్‌గార్డు లోపలికి మడిచిన అంచు టైరు పక్కగోడను జానెడు పొడవున చీల్చివేసింది. అమ్మ వెనుక సీటులో పిల్లవాణ్ణి గట్టిగా అదుముకొని పెదవులు కదుపుతున్నది. నాన్నగారు ఏమీ అనలేదు. డిక్కీలోని పాత చక్రాన్ని, తానే దాచివుంచిన 5.90-15ను, బయటికి దొర్లించి జాకీ నా చేతికి అందించారు. ఒక కాలికి బూటు, మరొక కాలికి చెప్పు తొడుక్కున్నట్టు, స్పేసరు తీసి పాత చక్రం ఒకటి, కొత్తవి మూడు వేసుకొని ముప్పై కిలోమీటర్ల వేగంతో యిల్లు చేరుకున్నాము.

మరునాడు బండిని ఉస్తాదు దగ్గరికి తీసుకువెళ్లాను. పెద్ద మెకానిక్కును మా వైపు ‘ఉస్తాదు’ అంటాము. మరమ్మతు, పానా, ఉస్తాదు అనే మాటలు లేకపోతే ఆంధ్రదేశంలో ఒక్క షెడ్డు కూడా తెరుచుకోదు. ఉర్దూ, తెలుగు ఒకే సంచికలో అచ్చు వేసుకునే మన కళాశాలకు యీ విషయం వేరే చెప్పనక్కరలేదు. ఉస్తాదు టార్చిలైటు వేసి చక్రం వెనుకకు చూసి, “యిందులో ఆలోచించేదేముంది సార్? రెండు మడ్‌గార్డుల అంచులూ అంగుళమున్నర కోసేస్తే ఏ చక్రమైనా తిరుగుతుంది. గంట పని” అన్నాడు. కోత యంత్రం తెమ్మని కుర్రవాడికి కేకవేశాడు కూడా.

నేను నాన్నగారి వైపు చూశాను. ఆ ఎడమ మడ్‌గార్డుకు ఒక చరిత్ర వున్నది. నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఎద్దులబండి కాడి తగిలి అది సొట్టపడితే, టింకరింగుకు డబ్బు లేక ఆయనే రెండు రాత్రులు కూర్చొని కొయ్యసుత్తితో సరిచేసుకున్నారు. నేను లాంతరు పట్టుకున్నాను. ఆ రేకు మీద చేయి వేస్తే ఆ సుత్తిదెబ్బలు యిప్పటికీ సన్నగా తెలుస్తాయి. అటువంటి మనిషి, ఏమాత్రం తడుముకోకుండా, “కోయండి. వాడు అక్కడి ఎండలో నిలబడి సంపాదించి కొన్న చక్రాలు. వాడు వచ్చేసరికి అవి బండికే వుండాలి” అన్నారు.

ఆ మాట విన్న తరువాత నాకు కాళ్లు ఆడలేదు. చక్రాలు తీసివేస్తే తమ్ముడి మనసు నొచ్చుకుంటుంది. రేకు కోస్తే నాన్నగారు పైకి ఏమీ అనకుండా లోపల దిగమింగుకుంటారు. ఏదీ చేయకుండా నడిపితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో మొన్ననే చూశాము. “ఉస్తాద్, నాకు ఒక్కరోజు గడువు యివ్వు. అసలు ఎక్కడ తగులుతున్నదో నేను చూడాలి” అని బతిమాలాను. “తగులుతున్నదని తెలిసిన తరువాత ఎక్కడైతే ఏమి సార్?” అని అతడు నవ్వాడు. కాని బండిని యిచ్చివేశాడు.

ఎక్కడ తగులుతున్నదో చూడటానికి నా దగ్గర వున్న పనిముట్టు ఒక్కటే: సుద్దముక్క. మూడు రంగుల సుద్దలు తీసుకున్నాను. ఆ మెరిసే చక్రాలనే, చిరిగిన టైరుకు స్టెపినీ కోసం కొన్నదాన్ని మార్చి, తిరిగి స్పేసర్లతో బిగించి, టైరు బయటి భుజానికి తెల్లసుద్ద, రోడ్డును తాకే భాగానికి పసుపు, లోపలి పక్కగోడకు ఎరుపు పూశాను. మా వీధిలో వుండే మన కళాశాల విద్యార్థులు నలుగురిని పిలిచి బండిలో కూర్చోబెట్టాను. ఖాళీబండి ఎప్పుడూ నిజం చెప్పదు. బరువు పడి ముందు భాగం కిందికి దిగినప్పుడే అసలు తగులుడు తెలుస్తుంది. స్టీరింగు ఒక చివర నుంచి మరొక చివరకు తిప్పుతూ బండిని మెల్లగా ముందుకు వెనుకకు కదిలించి, ఒక పక్క చక్రాన్ని యిటుక మీదికి ఎక్కించి దించి, ఆ తరువాత మడ్‌గార్డుల లోపల ఏ రంగు ఎక్కడ అంటుకున్నదో అద్దం పెట్టి చూశాను.

ఎడమవైపు మడ్‌గార్డు అంచుకు తెలుపు దట్టంగా అంటుకున్నది. చక్రపు గూటి వెనుక గోడకు పసుపు అంటుకున్నది, అదీ స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే. ఎరుపు ఎక్కడా లేదు. స్పేసర్లు తీసి చూస్తే తెలుపు పలచబడింది గాని, లోపలి చేతికి ఎరుపు అంటుకున్నది. ఇంతవరకు నేను అనుకున్నట్టే వుంది. ఆశ్చర్యపరచినది కుడివైపు. అక్కడ స్పేసరు వున్నప్పుడు కూడా అంచుకు తెలుపు నామమాత్రమే. రెండు పక్కలా ఒకే చక్రం, ఒకే టైరు, ఒకే బిళ్ల. మరి ఎడమవైపే యింత తెలుపు ఎందుకు?

ఈ ప్రశ్న లేకుండా రెండు మడ్‌గార్డులనూ సమానంగా కోసి వుండేవారము. టేపు తీసుకొని హబ్బు నడుమ నుంచి మడ్‌గార్డు అంచు వరకు రెండు పక్కలా కొలిచాను. ఎడమవైపు కుడివైపు కంటె 22 మిల్లీమీటర్లు తక్కువ. బండి ఎడమకు ఒరిగి వున్నది. ఇన్నేళ్లుగా మా కళ్లముందే వున్నా, అలవాటుపడిన కంటికి ఆ ఒరుగు కనిపించలేదు.

వేపచెట్టు కింద మంచం మీద కూర్చొని యిదంతా చూస్తున్న నాన్నగారు అప్పుడు నోరు విప్పారు. ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూ. ఆయన అన్నదానిని తెలుగులో రాస్తున్నాను. “ముందుసీటులో నా ఎడమపక్కన ఎప్పుడూ ఇద్దరు కూర్చునేవారు. పెళ్లిరోజులలో ముగ్గురు. ఇరవై మూడేళ్లు మోసింది. దిగకుండా ఎలా వుంటుంది?”

“మీకు ముందే తెలుసా అబ్బా? మరి ఎందుకు చెప్పలేదు?”

“చెబితే బండి ముసలిదైపోయిందని ఒప్పుకున్నట్టు కదా” అని ఆయన తల వంచుకున్నారు. బండి పేరు మీద ఆయన చెప్పుకున్నది తన సంగతేనని నాకు ఆలస్యంగా తట్టింది.

ఇక్కడ అంబాసిడరు ముందు చక్రాల అమరిక గురించి నాలుగు మాటలు చెప్పాలి. వెనుక చక్రాలకు లారీలకు వున్నట్టే కమాను పట్టీలు వుంటాయి. ముందువైపు మాత్రం స్ప్రింగుచుట్టలు వుండవు. వాటికి బదులు ఒక్కొక్క పక్కన బండి పొడవునా వెనుకకు సాగే ఉక్కు కడ్డీ వుంటుంది. దానిని టార్షన్ బారు అంటారు. కడ్డీ ఒక కొన చక్రాన్ని మోసే చేతికి, రెండవ కొన బండి అడుగు చట్రానికి బిగించి వుంటుంది. చక్రం గుంటలో లేచినప్పుడల్లా తడిబట్టను పిండినట్టు ఆ కడ్డీ మెలిపడుతుంది. ఉక్కు కాబట్టి వెంటనే తన స్థితికి తిరిగి రావాలని చూస్తుంది. ఆ తిరుగుబాటే బండిని పైకి నిలబెడుతుంది. కాని ఏళ్ల తరబడి ఒకే పక్కన ఎక్కువ బరువు మోస్తే ఉక్కుకు కూడా అలసట వస్తుంది. కడ్డీ పూర్తిగా తిరిగి రాదు. ఆ పక్క బండి దిగిపోతుంది. చక్రం మడ్‌గార్డులోకి ఎక్కుతుంది. పాత సన్నటి టైరు వున్నంతకాలం ఆ లోపాన్ని అది దాచిపెట్టింది. వెడల్పాటి టైరు వచ్చి బయటపెట్టింది.

అంటే కొత్త చక్రాల తప్పు లేదని కాదు. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. 215/65 ఆర్ 16 అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 పాళ్లు, అంటే 140 మిల్లీమీటర్లు, లోపలి రిమ్ము 16 అంగుళాలు. పైగోడ, కింది గోడ, రిమ్ము కలిపితే మొత్తం ఎత్తు 686 మిల్లీమీటర్లు. పాత టైరును టేపుతో కొలిస్తే 660 వచ్చింది. ఎత్తులో తేడా 26, అందులో సగమే పైవైపు వస్తుంది కాబట్టి 13. అది పెద్ద నేరం కాదు. వెడల్పు చూడండి. పాతది 5.90 అంగుళాలు, అంటే 150 మిల్లీమీటర్లు. కొత్తది 215. లోపలికీ బయటికీ సమానంగా పంచినా ఒక్కొక్క పక్క 32 మిల్లీమీటర్లు ఎక్కువ. లఘువు వుండవలసిన చోట గురువును కూర్చోబెడితే పద్యపాదం ఎక్కడో ఒకచోట కుంటుతుంది. యతిని సవరించి, ప్రాసను మార్చి ప్రయోజనం లేదు. ముందు గణం సరిచేయాలి.

స్పేసరు చేసిన అపకారం మరొకటి వుంది. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తన నడిబొడ్డు చుట్టూ తిరగదు. లోపలివైపు వున్న యిరుసు చుట్టూ తిరుగుతుంది. చక్రాన్ని ఎంత బయటికి నెడితే అది అంత పెద్ద వలయం గీస్తుంది. తలుపు మడతబందుకు దూరమయ్యేకొద్దీ దాని అంచు ఎక్కువ చోటు తిరగడం వంటిదే యిది. పసుపు సుద్ద గూటి వెనుక గోడకు అంటుకున్నది అందుకే. హబ్బు బేరింగుల మీద భారం పెరిగేది కూడా అందుకే.

లెక్క ముగించి పడుకోబోతుంటే చటుక్కున మరొకటి స్ఫురించింది. మా బండికి పవర్ స్టీరింగు లేదు. టైరు వెడల్పయి, చక్రం బయటికి జరిగితే, నిలబడిన చోట స్టీరింగు తిప్పడం మరింత బరువవుతుంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి దానిని తిప్పలేకపోయారు. తిప్పలేనని చెబితే చిన్నకొడుకు తెచ్చిన చక్రాలకు వంక పెట్టినట్టవుతుంది. అందుకని నెపం కళ్ల మీద వేసి తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మరునాడు ఉస్తాదుకు నా కాగితం చూపించాను. అతడు సుద్ద గుర్తులు చూసి, టేపు తానే పట్టి కొలిచి, కాసేపు మాట్లాడలేదు. ఆ పైన, “కోయవద్దు సార్” అన్నాడు. ఆ మాట అతని నోటి నుంచి వచ్చినందుకు నేను ఎంతో సంతోషించాను. పని యీ వరుసలో జరిగింది. ముందు స్పేసర్లు తీసి పక్కన పడవేశాము. తమ్ముడు కొన్న రిమ్ములను అలాగే వుంచి, వాటికి సరిపోయే సన్నటి టైర్లు 195/60 ఆర్ 16 తెచ్చాము. ఆ రిమ్ము వెడల్పు ఆరున్నర అంగుళాలు కాబట్టి ఆ టైరును అది సక్రమంగా పట్టుకుంటుంది. దాని మొత్తం ఎత్తు 640 మిల్లీమీటర్లు. ఒక్కొక్క పక్క పది మిల్లీమీటర్లు సన్నబడటంతో, స్పేసరు లేకున్నా లోపలి చేతికీ టైరుకూ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. టైరు పక్కగోడ మీద రాసి వుండే బరువు సంఖ్య బండి బరువుకు చాలినదో కాదో చూసుకున్న తరువాతనే కొన్నాము.

ఆ పిమ్మట ఎడమ టార్షన్ బారు. బండిని జాకీల మీద, కొయ్యదిమ్మల మీద నిలిపి, చక్రం విప్పి, కడ్డీ మీద వున్న బరువు దించిన తరువాతనే ఉస్తాదు దానిని ముట్టుకున్నాడు. మెలిపడి వున్న కడ్డీని బరువు దించకుండా విప్పితే మనిషి చేయి విరుగుతుంది. విద్యార్థులెవరూ యీ పనిని సొంతంగా చేయబోవద్దని పెద్దవాడిగా నా మాట. అరిగిన బుష్షులు మార్చి, కడ్డీ వెనుక కొన బిగింపును జరిపి, ఎడమవైపును కుడివైపుతో సమం చేశాడు. మడ్‌గార్డు అంచును కోయలేదు. టింకరింగు పనివాడు రంగు చిట్లకుండా వేడిగాలితో రేకును వెచ్చబెట్టి, లోపలికి పొడుచుకొని వున్న మడతను పైకి అదిమి అణచాడు. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడు పూశాడు. బయటి నుంచి చూస్తే పని జరిగినట్టే తెలియదు. చివరకు వీలు అలైన్‌మెంటు చేయించాము. ముందు భాగం ఎత్తు మారినప్పుడల్లా చక్రాల చూపు కూడా మారుతుంది కాబట్టి అది తప్పనిసరి.

మళ్లీ సుద్ద పూసి, మళ్లీ నలుగురు విద్యార్థులను కూర్చోబెట్టి చూశాము. తెలుపు లేదు, ఎరుపు లేదు. స్టీరింగు చివరి అంచుకు తిప్పినప్పుడు పసుపు గీత ఒకటి సన్నగా పడింది. స్టీరింగు ఎంతవరకు తిరగాలో ఆపే అడ్డును ఉస్తాదు కొద్దిగా సరిచేశాడు. దాని వల్ల బండి మలుపు తీసుకోవడానికి కాస్త ఎక్కువ చోటు కావాలి. అందుకే దానిని మొదట కాక చివరలో, అవసరమైనంతే చేశాడు. వేగం చూపే ముల్లులో కూడా స్వల్పమైన తేడా వచ్చింది. ముల్లు 60 చూపినప్పుడు బండి నిజానికి 58 పోతుంది. తొందర తగ్గినందుకు అమ్మ సంతోషించింది.

మిగిలినది తమ్ముడికి చెప్పడం. మూడు రోజులు వాయిదా వేసి, ఒక శుక్రవారం ఫోను చేశాను. టైర్లు మార్చవలసి వచ్చిందని, ఒకటి చిరిగిపోయిందని, తక్కినవి సగం ధరకు పోయాయని దాచకుండా చెప్పాను. డబ్బు సంగతి అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

“అబ్బా ఏమన్నారు భయ్యా?”

“మడ్‌గార్డు కోయమన్నారు. నువ్వు తెచ్చిన చక్రాలు వుండాలన్నారు.”

అవతల చాలాసేపు చప్పుడు లేదు. “కోశారా?” అన్నాడు చివరకు.

“లేదు.”

“మంచి పని చేశావు” అన్నాడు. మరి కాసేపటికి, “గుంటలలో అబ్బా నడుము అదురుతున్నదని, పెద్ద టైరు అయితే సుఖంగా వుంటుందని వేయించాను భయ్యా. అందం కోసం కాదు” అన్నాడు. వాడి గొంతు మారింది. మేము ముగ్గురమూ ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని నోరు మూసుకొని, ఒక పసివాణ్ణి ఎక్కించుకొని ఘాటు రోడ్డు మీదికి వెళ్లాము. ఇప్పుడు తలచుకుంటే నాకు భయం వేసేది ఆ చిరిగిన టైరును చూసి కాదు, మా మర్యాదను చూసి.

విద్యార్థి మిత్రులారా, పాతదానికి కొత్తదానిని తగిలించే పని మీ జీవితంలో మీకు పదేపదే ఎదురవుతుంది. ఇంట్లోనూ వస్తుంది, ఉద్యోగంలోనూ వస్తుంది. మనవంటి పాత కళాశాలలలో కొత్త కోర్సులు తెచ్చి కూర్చేటప్పుడు కూడా వస్తుంది. చప్పుడు వినబడగానే పాతదాని అంచు కోయమనే ఉస్తాదులు దొరుకుతారు. కొత్తదానిని విసిరివేయమనేవారూ దొరుకుతారు. వారిద్దరి మాటా వినడానికి ముందు ఒక సుద్దముక్క తీసుకోండి. ఎక్కడ తగులుతున్నదో, ఎంత తగులుతున్నదో, ఎందుకు ఒకవైపే తగులుతున్నదో చూడండి. కోసిన రేకు తిరిగి అతుకుతుంది గాని, ఆ అతుకు జీవితాంతం కనిపిస్తుంది.

బండి షెడ్డు నుంచి వచ్చిన మరునాటి సాయంత్రం నేను వరండాలో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. నాన్నగారు వచ్చి ఎదురుగా నిలబడి, “తాళాలు యిలా యివ్వు. బజారుకు పోయి వస్తాను” అన్నారు. “కళ్లు ఆనడం లేదన్నారు కదా అబ్బా” అనబోయి మానుకున్నాను. ఆయన బండి ఎక్కి, వేపచెట్టు కింద నిలబడిన చోటనే స్టీరింగును ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పూర్తిగా తిప్పి చూసుకున్నారు. ఎక్కడా చప్పుడు రాలేదు. వీధి మలుపు తిరిగేటప్పుడు, టాక్సీ రోజులలో మాకోసం కొట్టినట్టే, హారను రెండుసార్లు కొట్టి వెళ్లారు.